వదినగారూ, ఒక డు ఇస్తారా?

మా అమ్మది తెనాలి, మా అత్తగారిది రాజమండ్రి. పాపని చూసుకోవడానికి వంతులవారీగా రావాల్సిన ఇద్దరూ ఈసారి లెక్క తప్పి ఒకేసారి బెంగళూరులో, మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో దిగారు.

అపార్ట్‌మెంట్‌లో శ్రీరామనవమి. పానకం, కోసంబరి కన్నడంవాళ్లు చూసుకుంటామన్నారు. తెలుగు పిల్లలకి పదశోధన తయారుచేసే పని మా ఇంటికొచ్చింది. అడ్డం పది గళ్లు, నిలువు పది గళ్లు, అందులో రామాయణం పేర్లు దాచాలి. తెలుగు పిల్లలంటే స్కూల్లో కన్నడం నేర్చుకుని, ఆ అక్షరాల పోలికతో తెలుగు లాగించేవాళ్లు.

ముందు నేనే కంప్యూటర్లో ప్రయత్నించాను. కిష్కింధ అని కొడితే ష ఒక గడిలో, దాని పొల్లు ఇంకో గడిలో, సున్నా మరో గడిలో పడ్డాయి. వాలి సుగ్రీవులు కొట్టుకున్నప్పుడు కూడా కిష్కింధ అంత చిందరవందర కాలేదు. దాంతో పాప లెక్కల నోట్‌బుక్, పెన్సిలు వాళ్లకిచ్చేసి, నేను ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మ: మొదటి వరుసలో రాముడు రాసేశాను వదినగారూ. రెండో దాంట్లో లక్ష్మణుడు.

అత్తగారు: తర్వాత భరతుడు, శత్రుఘ్నుడు, రావణుడు, విభీషణుడు... అయ్యో, అందరి చివరా డు కదండీ! పిల్లలు డు ఎక్కడుందో చూసుకుని వెనక్కి చదివేస్తారు. ఇంక దాచిందేముందండీ?

అమ్మ: అయితే ఒకే డు పెట్టి అందరినీ దాని చుట్టూ చేరుద్దాం. అడ్డంగా రాముడు, నిలువుగా రావణుడు, ఏటవాలుగా విభీషణుడు.

అత్తగారు: రాముడికీ రావణుడికీ ఒకే డు నాండీ!

అమ్మ: మీ ఇంట్లో మగాళ్లందరికీ ఒకే తువ్వాలని మీ అమ్మాయే చెప్పింది. అక్కడ లేని పట్టింపు డు దగ్గరెందుకు?

(మా ఆవిడ ఈ మాట ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు. చెప్పకుండా ఉండాల్సింది.)

అత్తగారు: పోనీ డు తీసేద్దామండీ. రామ, భరత.

అమ్మ: ఆఫీసులో పిలుచుకున్నట్టు రామ, భరత ఏమిటండీ!

అత్తగారు: అయితే కొన్ని కుడి నుంచి ఎడమకి రాద్దామండీ.

అమ్మ: దేవుడి పేరు తిరగరాస్తారా? కళ్లు పోతాయి!

అత్తగారు: వాల్మీకికి కళ్లు తెరుచుకున్నది మరా మరా అంటేనే కదండీ.

అమ్మ కాసేపు పెన్సిలు చెక్కింది. ముల్లు విరిగింది. మళ్లీ చెక్కింది.

అమ్మ: వాల్మీకి సంగతి నాకు చెప్పకండి. ఆయన దాచినంత గొప్పగా ఎవరు దాచారు? 24,000 శ్లోకాలు. వెయ్యికో శ్లోకం చొప్పున మొదటి అక్షరం ఏరుకుంటూ పోతే గాయత్రి 24 అక్షరాలూ వస్తాయంటారు. మొదటి శ్లోకం ‘తపస్స్వాధ్యాయ’, గాయత్రిలో మొదటిది ‘తత్’. రెండూ త!

అత్తగారు: అంతదాకా ఎందుకండీ, భారతం రెండక్షరాల్లో దాచేశారు. దాని పాత పేరు జయ. అక్షరాలకి అంకెలిచ్చే కటపయాది లెక్కలో జ అంటే 8, య అంటే 1. కుడి నుంచి చదివితే 18. పర్వాలు 18, గీతలో అధ్యాయాలు 18, యుద్ధం 18 రోజులు, అక్షౌహిణులు 18.

అమ్మ: కుడి నుంచే ఎందుకట?

అత్తగారు: అంకెల్ని అలాగే చదవాలండీ. శాస్త్రం.

అమ్మ: అవున్లెండి. పెళ్లిలో లాంఛనాల జాబితా కూడా మీవాళ్లు అలాగే చివరి నుంచి చదివారు. మొదటికొచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది.

అత్తగారు: (వినపడనట్టు) ఆడవాళ్ల పేర్లు తక్కువయ్యాయండీ. సీత, ఊర్మిళ, తార, శబరి. మంథర కూడా వేసేద్దామా?

అమ్మ: తప్పకుండా వెయ్యాలి. పుట్టింటి నుంచి అమ్మాయితో పాటు వచ్చి, కొంప ముంచేదాకా కదల్లేదు మహాతల్లి.

అత్తగారు: మంథర చెప్పిందేగానండీ, వరాలు అడిగింది మాత్రం అబ్బాయి తల్లే. కైకేయి కూడా వేసెయ్యండి.

(ఈ పాయింటు దగ్గర నేను హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి పూర్తిగా తీసేశాను.)

పేర్లు అయిపోయాయి. మిగిలిన ఖాళీ గళ్లు చెరి సగం నింపారు. అత్తగారు కళ్లజోడు సర్దుకుని సరిచూడ్డం మొదలుపెట్టారు.

అత్తగారు: ఏడో వరుసండీ. పు, లు, సు. దాని పక్కనే పా, న, కం.

అమ్మ: శ్రీరామనవమి కదండీ, పానకం ఉండొద్దూ?

అత్తగారు: ఉండాలండీ. పక్కన పులుసెందుకు? రామాయణంలో పులుసు ఎవరు కాచారండీ?

అమ్మ: ఖాళీలు నింపమంటే చేతికొచ్చిన అక్షరాలు వేశాను.

అత్తగారు: నిన్న నా బెండకాయ పులుసు తిన్నాక చేతికొచ్చినవాండీ?

అమ్మ: అందులో బెల్లం నేను వెయ్యలేదు కదా!

అత్తగారు: చిటికెడేనండీ.

అమ్మ: నిమ్మకాయంత. నా కళ్లారా చూశాను. డబ్బా మూత కూడా పెట్టలేదు. తెల్లారేసరికి చీమలు స్టవ్ దాకా సేతువు కట్టేశాయి.

అమ్మ నోట్‌బుక్ లాక్కుని, ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి మూల నుంచి మూలకి వేలు పెట్టి చదివింది.

అమ్మ: గొ... డ్డు... కా... రం. ఇదేమిటి వదినగారూ?

అత్తగారు: ఏటవాలుగా చదివితే ఏదో ఒకటి వస్తుందండీ.

అమ్మ: గొ అక్షరంతో రామాయణంలో ఎవరున్నారు? చెప్పండి, వింటాను.

అత్తగారు: హనుమంతుడు లంక కాల్చాడు కదండీ. ఆ మంట తల్చుకుంటే మీ గుత్తివంకాయ గుర్తొచ్చింది. మొన్న రాత్రంతా మా పొట్టలో సుందరకాండేనండీ, ఆయ్.

అమ్మ: కారం లేకపోతే దాన్ని కూరంటారా, ప్రసాదమంటారా?

అత్తగారు: అల్లుడుగారూ! నిన్న పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు కదండీ? మీరే చెప్పండి.

అమ్మ: ఒరేయ్, మొన్న గుత్తివంకాయ గిన్నె ఊడ్చింది ఎవరో కూడా చెప్పు.

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. అమ్మ చేతిలో పెన్సిలుంది, ముల్లు బాగా సన్నగా చెక్కి ఉంది. నేను గబుక్కున కాల్‌లో మ్యూట్ తీసి, “యెస్, యెస్, ఐ విల్ టేక్ ఇట్” అన్నాను.

అటు నుంచి మేనేజరు ఎంతో సంతోషంగా థాంక్స్ చెప్పాడు. ఈ శని, ఆదివారాలు ప్రొడక్షన్ సపోర్ట్ నాదేనట.