ఏనుగు ఏ గడిలోకి వస్తుంది?

వ్యవసాయానికి ఇన్నాళ్లకు మంచి రోజులు వచ్చాయి. ఇళ్లకు నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉంది, కరెంటుకు ఎలక్ట్రికల్ కోడ్ ఉంది, పైరును మాత్రం అనాథలా వదిలేశామని గుర్తించిన భారతీయ ప్రమాణాల సంస్థ, జాతీయ వ్యవసాయ కోడ్ తయారు చేస్తామని 2024లో ప్రకటించింది. బిల్డింగ్ కోడ్ అయితే 1970లోనే వచ్చింది. దాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నామో చూడదలచినవారు తిరుపతిలో ఏదైనా లాడ్జీల సందుకు వెళ్లి, మూడో అంతస్తు కిటికీలోంచి చెయ్యి చాపి ఎదురు లాడ్జీవాళ్ల దగ్గర కాఫీ అందుకుని రావచ్చు.

పంట ఎంపిక, దుక్కి, విత్తు, నీటి తడి, ఎరువు, పురుగుమందు, కోత, కోత తర్వాతి జాగ్రత్తలు, అన్నీ కోడ్‌లో ఉంటాయట. రికార్డులు రాసుకోవడం కూడా. నా ప్రాణం మీదికి వచ్చింది ఈ ఆఖరిదే.

మా పెదనాన్నకు పలమనేరు దగ్గర మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఎవరో అధికారి సదస్సులో ఈ కోడ్ సంగతి చెబితే విని, ఇంకా అది రాకముందే ఒక పొడుగు నోటుపుస్తకం కొని, స్కేలు పెట్టి గీతలు గీశాడు. నలభై ఏళ్లుగా ఆకాశం చూసి సేద్యం చేసిన మనిషి కళ్లజోడు తుడుచుకుని 'బోరు ఆడింది రెండు గంటలు, కరెంటు పోయింది మూడుసార్లు' అని రాయడం మొదలుపెట్టాడు.

ఒక రాత్రి కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగాయి. రెండు చెట్లు విరిచి, పైపులు తొక్కి, కడుపు నిండా కాయ తిని వెళ్లాయి. తెల్లారగానే నాకు ఫోను.

"ఒరే, పేపర్లో రాస్తావు కదా, చెప్పు. ఏనుగును ఏ గడిలో రాయాలి?"

"చీడపీడల్లో రాయి పెదనాన్నా."

"అది పురుగు కాదు కదరా. పోనీ కోతలో రాద్దామంటే కోసింది నేను కాదు. పేడ కూడా వేసిపోయాయి, అది సేంద్రియ ఎరువులోకి వస్తుందా?"

పండిన సరుకు ఎక్కడికి పోయిందో ఆరా తీయగలిగేలా ఉండాలన్నది కూడా ప్రమాణమేనని గుర్తుచేసి, అడవిలోకి వెళ్లి వాకబు చేయమన్నాను. ఆయన నవ్వలేదు. అరగంట ఆలోచించి కూలీల గడిలో రాశాడు: 'కోతకు వచ్చినవి మూడు. కూలి, కాయ రూపంలో ముట్టింది.'

అంతవరకు నవ్వుకున్నాను. తర్వాత 2025 సీజన్ వచ్చింది. కిలోకు 12 రూపాయలన్నారు. అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. సరే, ఫ్యాక్టరీ గేటు తెరవాలి కదా! టోకెన్ పట్టుకుని, ట్రాక్టరు కిందే పడుకుని, పైనుంచి కారే రసం చొక్కా మీద పడుతుంటే రోజులు లెక్కపెట్టిన రైతులను అడగండి, ప్రమాణమంటే ఏమిటో చెబుతారు. ఎన్ని గంటల్లో కాయ దించుకోవాలి? తరుగు పేరుతో ఎంత కోయవచ్చు? డబ్బు ఎన్నాళ్లకు చేతికివ్వాలి? వీటికి కోడ్ ఎవరు రాస్తారు? ఎనిమిదన్న చోట ఐదే చేతిలో పెడితే ఏ నంబరు ప్రమాణం తప్పినట్టు? మందు ఎన్ని మిల్లీలీటర్లు కొట్టాలో రైతుకు నేర్పడానికి అందరికీ నోరు లేస్తుంది. కొనేవాడి గేటు ముందు మాత్రం ఒక్కరి నోరూ పెగలదు! సిగ్గుండాలి.

నాలుగో రోజు ఉదయం పెదనాన్న ట్రాక్టరు వెనక్కి తిప్పించాడు. ఆ సాయంత్రం పుస్తకం తెరిచి, 'కోత తర్వాతి జాగ్రత్తలు' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'మూడు టన్నులు. రోడ్డు పక్కన పారబోశాను.'