కొండవీడు రెడ్డి రాజులతో ఆగిపోలేదు
1424లో రెడ్డి రాజుల పాలనతోనే కొండవీడు చరిత్ర ముగిసిందని ఈ కోట గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. ఈ కోట కోసం అసలు పోరు ఆ తర్వాతే కదా! ఒడిశా పాలకులైన గజపతుల చేతిలో ఉన్న కొండవీటిని 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి పట్టుకున్నారు. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా చిక్కింది ఇక్కడే. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఊరి పేరే ముర్తజానగర్ అయింది. ఆపైన ఫ్రెంచివారు, ఆంగ్లేయులు. ఘాట్ రోడ్డు పడకముందు మా నాన్నగారితో నడిచి కొండెక్కాను. పైన చెరువుగట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెడితే, మండు వేసవిలోనూ చల్లగా తగిలాయి. అంత ఎత్తున నీళ్లు నిలిచే మూడు చెరువులుంటే ఏ రాజు మాత్రం ఆ కోటను వదులుకుంటాడు? వాటి గురించి ఆ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం బాధ కలిగించింది.