జాన్స్‌టౌన్ చీఫ్స్: ఉక్కు మిల్లు మూతపడ్డాక 18 ఏళ్లు ఆడిన జట్టు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు పడమటి కొండల్లో, రెండు చిన్న నదులు కలిసి కోనెమా నదిగా మారే చోట జాన్స్‌టౌన్ ఉంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లివచ్చిన తెలుగువారికి ఆనవాలు చెప్పాలంటే, అక్కడి నుంచి తూర్పుగా సుమారు గంటన్నర కారు ప్రయాణం. ఆ ఊరి ఐస్ హాకీ జట్టు జాన్స్‌టౌన్ చీఫ్స్ 1988 జనవరిలో పుట్టి, 22 సీజన్లకు పైగా ఆడి, 2010 వసంతంలో ఊరు విడిచింది. ఆ జట్టు ఎందుకు పోయిందని ఎవరినడిగినా దాదాపు ఒకే సమాధానం వస్తుంది: ఉక్కు పోయింది, పనులు పోయాయి, జనం పోయారు, చివరికి జట్టూ పోయింది. వినడానికి సబబుగా ఉండే ఈ వివరణ, తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే నిలవదు. చీఫ్స్ పుట్టిందే ఉక్కు పతనం మధ్యలో. బెత్లెహేమ్ స్టీల్ 1992లో జాన్స్‌టౌన్ మిల్లులను పూర్తిగా మూసేసిన తరవాత కూడా ఆ జట్టు 18 ఏళ్లు అదే ఊళ్లో, అదే పేరుతో ఆడింది. మిల్లు లేకుండా అంతకాలం నడిచిన జట్టుకు 2010లో మాత్రమే ఊపిరి ఆడకపోవడానికి కారణం మరొకచోట వెతకాలి.

మన దగ్గర హాకీ అంటే పచ్చికమీద ఆట కనుక, రెండు మాటలు ముందే చెప్పుకోవాలి. ఐస్ హాకీని కప్పు ఉన్న అరీనాలో, యంత్రాలతో గడ్డకట్టించిన మంచు మీద, గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు చొప్పున స్కేట్లు కట్టుకుని ఆడతారు. అన్నిటికన్నా పై మెట్టు నేషనల్ హాకీ లీగ్. దాని కింద అమెరికన్ హాకీ లీగ్, దానికీ కింద ఈసీహెచ్ఎల్ (మొదట్లో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్). చీఫ్స్ ఆడింది ఈ మూడో మెట్టులో. అక్కడ ఆటగాళ్లకు వారం వారం జీతం ముడుతుంది, ప్రయాణాలు ఎక్కువగా రాత్రి బస్సుల్లో సాగుతాయి. పై లీగ్ నుంచి పిలుపు వస్తుందేమోనని ఎదురుచూసే కుర్రాళ్లూ, ఇక రాదని తెలిసినా ఆటను వదల్లేని పెద్దవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

ఈ ఊరికి హాకీ చీఫ్స్‌తో రాలేదు. 1852లో కాంబ్రియా ఐరన్ కంపెనీ మొదలైన నాటి నుంచి ఇనుమూ ఉక్కే జాన్స్‌టౌన్‌కు బతుకుతెరువు. 1889 మే 31న ఎగువన సౌత్ ఫోర్క్ ఆనకట్ట తెగి 2,209 మంది చనిపోయారు. 1936లో మళ్లీ పెద్ద వరద వచ్చింది. ఆ తరవాత నదులకు కాంక్రీటు గోడలు కట్టి, ఇక ఇది వరద లేని ఊరని ప్రకటించుకున్నారు. 1950లో, ఊరి జనాభా 63,232 ఉన్న రోజుల్లో, యుద్ధాల్లో మరణించిన కౌంటీవాసుల జ్ఞాపకార్థం కాంబ్రియా కౌంటీ వార్ మెమోరియల్ అరీనా తెరుచుకుంది. అందులో సుమారు 4,000 మంది కూర్చోవచ్చు. అదే ఏడాది జాన్స్‌టౌన్ జెట్స్ అనే జట్టు అక్కడ ఆట మొదలుపెట్టి, 1960ల మొదట్లో వరుసగా మూడు ఛాంపియన్‌షిప్పులు, 1975లో మరొకటి గెలిచింది. మిల్లులో షిఫ్టు దిగిన మనిషి అదే సాయంత్రం ఆటకు రాగలిగే ఊరు అది. అంతమందికి సరిపడే అరీనానే ఊరు కట్టుకుంది. ఆ కొలత తరవాత అరవై ఏళ్లూ పెద్దగా మారలేదన్న సంగతి ఈ కథలో గుర్తుంచుకోవలసినది.

జెట్స్ ఆటగాడు నెడ్ డౌడ్ అక్క నాన్సీ డౌడ్ ఆ జట్టు జీవితాన్ని ఆధారం చేసుకుని ‘స్లాప్ షాట్’ సినిమాకు కథ రాసింది. 1976లో చాలా భాగం జాన్స్‌టౌన్‌లోనే తీసిన ఆ సినిమా 1977 ఫిబ్రవరిలో విడుదలైంది. పాల్ న్యూమన్ నాయకుడు. సినిమాలో ఊరి పేరు చార్లెస్‌టౌన్, జట్టు పేరు చీఫ్స్. మిల్లు మూతపడబోతోంది కనుక జట్టు కూడా ముగిసిపోతుందన్నది కథకు ఇరుసు. విడుదలైన అయిదు నెలలకు, 1977 జూలైలో, వరద లేని ఊరికి మూడో వరద వచ్చి 80 మందికి పైగా ప్రాణాలు తీసింది. అరీనాలో మంచు గడ్డకట్టించే యంత్రాలు దెబ్బతిన్నాయి. జెట్స్ ఆడుతున్న లీగ్ కూడా ఆ ఏడాదే మూతపడింది. బెత్లెహేమ్ స్టీల్ వేలమందిని పనుల్లోంచి తీసేసింది. సినిమా ముందే చెప్పినట్టు అంతా జరిగిందని ఊళ్లో అనిపించడం సహజమే. అయితే జెట్స్‌ను ఆపినవి వరదా, లీగ్ మూతా. మిల్లు పతనం వాటితోపాటు వచ్చింది. ఆ కాలపు బాధలో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 2010లో చీఫ్స్ వెళ్లిపోయినప్పుడూ జనం అదే సినిమా కళ్లద్దాలతో చూశారని నా అభిప్రాయం.

జెట్స్ తరవాత మరో జట్టు రెండు సీజన్లు, రెండు పేర్లతో, ఆడి 1980లో ఆగిపోయింది. తరవాతి ఏళ్లు ఊరికి అత్యంత కష్టకాలం. 1983లో జాన్స్‌టౌన్ ప్రాంతపు నిరుద్యోగం నాలుగోవంతుకు చేరువై, దేశంలోనే అత్యధికంగా నమోదైంది. అంటే పని కోరేవారిలో నలుగురికి ఒకరు ఖాళీ. సరిగ్గా ఆ నేపథ్యంలో, 1988 జనవరిలో, ఆల్ అమెరికన్ హాకీ లీగ్ సీజన్ మధ్యలో ఒక కొత్త జట్టు వచ్చింది. దానికి సినిమాలోని జట్టు పేరే పెట్టారు. జాన్స్‌టౌన్‌ను చూసి కల్పించిన చీఫ్స్ పన్నెండేళ్లకు నిజమైన చీఫ్స్‌గా అదే అరీనాలో మంచు మీదికి దిగింది. ఆ ఏడాది శరదృతువులో అయిదు జట్లతో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్ ఏర్పడినప్పుడు అందులో జాన్స్‌టౌన్ ఒకటి. కోచ్ స్టీవ్ కార్ల్‌సన్ ఒకప్పటి జెట్స్ ఆటగాడు. సినిమాలో కళ్లద్దాల హాన్సన్ సోదరుల్లో ఒకడుగా నటించింది ఆయనే. ఆయన సోదరుడు జాక్ కూడా నటించాల్సింది కానీ, పై స్థాయిలో ఎడ్మంటన్ ఆయిలర్స్ పిలవడంతో ఆ వేషం డేవ్ హాన్సన్‌కు వెళ్లింది. నటన కన్నా ఆటే ముందన్న ఆ ఒక్క సంగతి, ఈ మెట్లలో ఆడేవాళ్ల మనసు ఎటు ఉంటుందో చెబుతుంది.

తొలి సీజన్‌లోనే చీఫ్స్ ఫైనల్‌కు వెళ్లి, ఏడు ఆటల సిరీస్‌లో కరోలినా థండర్‌బర్డ్స్ చేతిలో 4–3 తేడాతో ఓడింది. కప్పు ఆ తరవాత ఎన్నడూ రాలేదు. అయినా జనం వదల్లేదు. ఉన్న కొద్ది సంపాదనలోనే శుక్ర, శనివారాల సాయంత్రాలకు టికెట్టు కొనే అలవాటు ఆ ఊళ్లో తెగలేదు. కష్టకాలంలో వినోదం మొదట పోతుందని లెక్కలు వేసేవారు జాన్స్‌టౌన్ 1988 నుంచి 1992 వరకు ఏం చేసిందో చూడాలి.

అసలు ముప్పు లీగ్ విజయంలోంచి వచ్చింది. అయిదు జట్లతో మొదలైన ఈ లీగ్ 1990లలో దక్షిణ రాష్ట్రాలకు పాకింది. మంచు ఎరగని దక్షిణ కరోలినా, లూయిసియానా, ఫ్లోరిడా ఊళ్లలో కచేరీల కోసం, బాస్కెట్‌బాల్ కోసం కట్టిన పెద్ద అరీనాలు చలికాలం రాత్రులు ఖాళీగా ఉండేవి. వాటిని నింపడానికి హాకీ పనికొచ్చింది. లూయిసియానాలోని లఫాయెట్‌లో ఐస్‌గేటర్స్ అనే జట్టు ఆటలకు 1990ల రెండో సగంలో ఒక సీజన్‌లో సగటున 11,000 మందికి పైగా వచ్చారు. జాన్స్‌టౌన్ అరీనా నిండా కిక్కిరిసినా అందులో సగానికి చేరదు. 2003–04 నాటికి పడమటి లీగ్ జట్లు కూడా కలిసి మొత్తం సంఖ్య 31కి చేరింది. తూర్పు తీరం అన్న మాటకు అర్థం లేకపోవడంతో లీగ్ పేరును ఈసీహెచ్ఎల్ అనే అక్షరాలకే పరిమితం చేశారు.

ఇక్కడే లెక్క చెప్పుకోవాలి. ఈ మెట్టులో చెప్పుకోదగ్గ టీవీ డబ్బు రాదు. సొంత ఊళ్లో ఆడే ఆటల టికెట్లు, తినుబండారాల అమ్మకం, స్థానిక వ్యాపారుల ప్రకటనలే రాబడి. 72 ఆటల సీజన్‌లో సొంత ఊళ్లో ఆడేవి 36. ప్రతి ఆటకూ ప్రతి కుర్చీ నిండినా జాన్స్‌టౌన్ అమ్మగలిగేది 1,44,000 టికెట్లు. 13,000 కుర్చీల అరీనా ఉన్న ఊరు సగం ఖాళీగా ఆడినా 2,34,000 అమ్ముతుంది. ఖర్చులకు మాత్రం ఈ తేడా లేదు. జీతాలకు లీగంతటికీ ఒకే ఒప్పందం, ఆటగాళ్లకు జట్టే ఇల్లు చూపించాలి, కర్రలూ స్కేట్లూ బీమా అందరికీ ఒకటే. లీగ్ పరిధి పెరిగినకొద్దీ బస్సు దూరాలు పెరిగాయి. 1988లో ఇరుగుపొరుగు రాష్ట్రాల అయిదు ఊళ్ల మధ్య సరిపోయిన అరీనా, ఇరవై ఏళ్ల తరవాత దేశమంతా వ్యాపించిన లీగ్‌లో చిన్నదైపోయింది. అరీనా కుంచించుకుపోలేదు, దాని చుట్టూ ఉన్న లీగ్ పెరిగింది.

మిగిలిన నాలుగు వ్యవస్థాపక జట్ల గతి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో జట్టు అంటే చట్టరీత్యా లీగ్‌లో ఒక సభ్యత్వం, ఫ్రాంచైజీ. దాన్ని అమ్మవచ్చు, మరో ఊరికి తరలించవచ్చు, పేరు మార్చవచ్చు. కరోలినా థండర్‌బర్డ్స్ సభ్యత్వం 1992లో పశ్చిమ వర్జీనియాలోని వీలింగ్‌కు వెళ్లింది. ఎరీ పాంథర్స్ 1996లో లూయిసియానాలోని బాటన్ రూజ్ చేరింది. నాక్స్‌విల్ చెరోకీస్ 1997లో దక్షిణ కరోలినాకు తరలింది. వర్జీనియా లాన్సర్స్ సభ్యత్వం రోనోక్, హంట్స్‌విల్, టలహాసీ, మేకన్, లెక్సింగ్టన్ ఊళ్లు తిరిగి 2005లో యూటా రాష్ట్రంలో తేలింది. వీటిలో వేటినీ ఉక్కు మిల్లు చంపలేదు. వీటి మధ్య పుట్టిన ఊళ్లో, పుట్టిన పేరుతో 2010 దాకా నిలిచినది జాన్స్‌టౌన్ ఒక్కటే. ఆ ఊరు హాకీని నిలబెట్టుకోలేకపోయిందని అనేవారికి ఈ వరుసే జవాబు: తోటివారందరికన్నా ఎక్కువకాలం నిలబెట్టుకుంది.

ఫ్రాంచైజీ అంటే ఏమిటో హైదరాబాద్ క్రికెట్ అభిమానులకు ఒకసారి అనుభవమైంది. 2009లో ఐపీఎల్ గెలిచిన దక్కన్ ఛార్జర్స్‌ను 2012లో రద్దుచేశారు. మరుసటి సీజన్‌కే సన్‌రైజర్స్ వచ్చింది. పెద్ద నగరానికి ఆ ఖాళీ ఒక్క సీజన్ కూడా ఉండలేదు. జాన్స్‌టౌన్‌లాంటి ఊరికి ఆ వెసులుబాటు లేదు.

చివరి ఏళ్లలో చీఫ్స్ యజమానుల్లో ముఖ్యుడు నీల్ స్మిత్. 1994లో న్యూయార్క్ రేంజర్స్ నేషనల్ హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆ జట్టు జనరల్ మేనేజర్ ఆయన. హాకీ తెలియని మనిషి కాదు, ఊరిని మోసగించడానికి వచ్చినవాడూ కాదు. 2010 సీజన్ ముగియకముందే జట్టును దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించారు. గ్రీన్‌విల్‌లో 1998లో తెరిచిన అరీనాలో హాకీకి 13,000కు పైగా కుర్చీలున్నాయి. 2002లో అదే లీగ్ కప్పు గెలిచిన జట్టు అక్కడ 2006లో మూతపడి అరీనా ఖాళీగా ఉంది. తన డబ్బు పెట్టే యజమాని దృష్టితో చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. నా అభ్యంతరం ఆ మనిషి మీద కాదు. ఇరవై రెండేళ్లు టికెట్టు కొన్న ఊరికి ఆ సభ్యత్వంలో ఏ హక్కూ లేకుండా చేసే ఏర్పాటు మీద. లీగ్‌ను స్థాపించిన ఊరు కనుక అరీనా కొలతను బట్టి ఖర్చుల్లో సడలింపు ఇవ్వాలనో, దగ్గరి జట్లతోనే ఎక్కువ ఆటలు పెట్టాలనో ఆలోచన జరగాల్సింది.

జనాభా తగ్గడాన్ని నేను తోసిపుచ్చడం లేదు. 2010 లెక్కల్లో ఊళ్లో మిగిలింది 20,978 మంది; 1950తో పోలిస్తే మూడోవంతు. కానీ చుట్టుపక్కల కొండల్లోని ఊళ్ల నుంచి కూడా జనం ఆటకు వచ్చేవారు. 4,000 కుర్చీలకు ఆ ప్రాంతంలో ప్రేక్షకుల కరువు లేదని తరవాతి కథ చెబుతుంది.

అరీనా కౌంటీది. జట్టు అందులో అద్దెకున్నది. అద్దెకున్నవారు వెళ్లిపోయినా ఇల్లు ఊరిదే కనుక కూలిపోలేదు, అమ్ముడుపోలేదు, మంచు యంత్రాలు ఆగలేదు. మొదట పొరుగున ఉన్న వీలింగ్ నెయిలర్స్, అంటే పాత థండర్‌బర్డ్స్ సభ్యత్వమే, కొన్ని ఆటలను జాన్స్‌టౌన్‌కు తెచ్చి ఆడింది. 2012లో అలాస్కా నుంచి ఒక జూనియర్ జట్టు వచ్చి జాన్స్‌టౌన్ టోమహాక్స్ అయింది. అది ఆడే నార్త్ అమెరికన్ హాకీ లీగ్ పేరూ, జెట్స్ చివరగా ఆడిన లీగ్ పేరూ ఒకటే, లీగులు మాత్రం వేరు. ఇందులో ఆడేది ఇరవై ఏళ్లు మించని కుర్రాళ్లు. జీతాలుండవు, ఊరి కుటుంబాలే వారిని ఇళ్లలో పెట్టుకుని అన్నం పెడతాయి. ఇక్కడ ఖర్చు ఆ అరీనాకు తగినట్టుంది. చీఫ్స్ ఆడిన అదే మంచు మీద, అదే కుర్చీల ముందు ఈ జట్టు నిలబడింది.

2015లో అమెరికాలో తొలిసారి జరిగిన, హాకీ ఊరిని ఎంపికచేసే క్రాఫ్ట్ హాకీవిల్ పోటీలో దేశవ్యాప్త ఓట్లతో జాన్స్‌టౌన్ గెలిచి, అరీనా మరమ్మతులకు 1,50,000 డాలర్లు అందుకుంది. ఆ బహుమతిలో భాగంగా 2015 సెప్టెంబర్ 29న పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్, టాంపా బే లైట్నింగ్ జట్లు నేషనల్ హాకీ లీగ్ సన్నాహక ఆటను వార్ మెమోరియల్‌లో ఆడాయి. ఒకప్పటి చీఫ్స్ సభ్యత్వంతో గ్రీన్‌విల్‌లో రోడ్ వారియర్స్‌గా ఆడుతున్న జట్టు కూడా సరిగ్గా ఆ ఏడాదే పేరు మార్చుకుని స్వాంప్ రాబిట్స్ అయింది.