‘చరిత్రలో ఈ రోజు’ గారికి ఒక పాఠకుడి ఉత్తరం

మహారాజశ్రీ ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి అడగనక్కరలేదు. పత్రికలో కథలు తగ్గాయి, పుస్తక సమీక్షలు మాయమయ్యాయి, పాఠకుల లేఖలు బక్కచిక్కాయి. మీరు మాత్రం రాశిఫలాలకూ బంగారం ధరకూ మధ్య మీ పెట్టెలో చెక్కుచెదరకుండా ఉన్నారు. అది చాలదన్నట్టు ఇప్పుడు తెల్లవారకముందే ఫోనులోకి కూడా దయచేస్తున్నారు. దండ వేసిన ఫొటో, కింద ‘జన్మదిన శుభాకాంక్షలు’. మనిషి పోయి యాభై ఏళ్లు దాటినా మీ ఆశీర్వచనంలో లోటుండదు. ‘ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి’ అని కూడా కలుపుతారు.

ఈ రోజు డిసెంబరు 4 కాబట్టి ఈ ఉత్తరం. పాటల లెక్కలో ఈ తేదీ మీకు పంటల పండుగ. ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది ఈ రోజే, 1922లో. అమెరికాలోని మెంఫిస్‌లో రాక్, కంట్రీ గాయకులు ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్ ఒక్కచోట చేరింది ఈ రోజే, 1956లో. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ర్యాప్ గాయకుడు జే-జీ పుట్టింది 1969లో. స్విట్జర్లాండ్‌లో మాంట్రో క్యాసినో తగలబడింది 1971లో. తాము ఇక కొనసాగబోమని బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ వారు ప్రకటించింది 1980లో, అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కన్నుమూసింది 1993లో. పెళ్లి పంక్తిలో కూర్చోబెట్టినట్టు అందరినీ వరసగా కూర్చోబెట్టి, తలా ఒక వాక్యం వడ్డించి, మజ్జిగ రాకముందే లేపేస్తారు. (నాలుగో తేదీలో ఏదో మహిమ ఉందని ఎవరికైనా అనిపిస్తే ఆశ్చర్యం లేదు. బాలు పుట్టింది జూన్ 4న, కిశోర్ కుమార్ పుట్టింది ఆగస్టు 4న. సంఖ్యాశాస్త్రం శీర్షిక వారు మీ పక్క కాలమ్‌లోనే ఉంటారు, దయచేసి ఈ మాట వారి చెవిన వేయకండి.)

మీ సమదృష్టిని తప్పుపట్టను. నా సందేహం వేరు. మీరు దండలు వేసే ఈ తేదీన, అయ్యా, పాట ఎక్కడ ఉంది?

మాంట్రో సంగతే చూడండి. డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బృందం పాట ‘స్మోక్ ఆన్ ద వాటర్’ (నీటి మీద పొగ) పుట్టిన రోజని మీరు మురిసిపోతారు. ఆ రోజు పుట్టింది పొగ మాత్రమే. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న క్యాసినోలో ఫ్రాంక్ జాపా బృందం వాయిస్తుండగా, శ్రోతల్లో ఎవరో ఫ్లేర్ తుపాకీని పైకప్పు మీదికి పేల్చారు. కప్పు అంటుకుంది. మాంట్రో జాజ్ ఉత్సవ నిర్వాహకుడు క్లోడ్ నాబ్స్ లోపలికి పరుగెత్తి జనాన్ని బయటికి లాగాడు. జాపా కచేరీ అయిపోగానే అదే క్యాసినోలో కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ వారు ఆ సాయంత్రం చేసిన సంగీతసేవ ఏమిటంటే, హోటలు నుంచి ఆ మంటను చూస్తూ ఉండిపోవడం. పాట పేరు బేస్ గిటారు వాయించే రోజర్ గ్లోవర్‌కు ఆ తర్వాత ఒక ఉదయం నిద్ర లేస్తుండగా తట్టింది. వాయిద్యాలు మోసుకుని ఊళ్లోనే మరో హాలుకు వెళితే, చుట్టుపక్కలవారు ఆ మోత భరించలేక పోలీసులను పిలిచారు. చివరికి చలికాలం కోసం మూసివేసిన గ్రాండ్ హోటల్‌లో చేరారు. నడవలో పరుపులు అడ్డం నిలబెట్టి, బయట ఆగిన రోలింగ్ స్టోన్స్ వారి రికార్డింగు లారీ దాకా వైర్లు లాగి, పని ముగించారు. ఆల్బమ్ 1972లో వచ్చింది. పాట అమెరికాను ఊపింది 1973లో. గిటారు కొన్న ప్రతి కుర్రాడూ మొదటి వారంలోనే ఇంటిల్లిపాది చెవులూ తూట్లు పొడిచే ఆ నాలుగు స్వరాలకు ఏ తేదీ వేస్తారు? పరుపులు మోసిన రోజు మీ పెట్టెలో ఎప్పుడైనా కనిపించిందా?

ఆ 1971 డిసెంబరు 4 రాత్రే మన నౌకాదళం కరాచీ రేవు మీద విరుచుకుపడింది. అంతకుముందు రాత్రి విశాఖ తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. నౌకాదళ దినోత్సవం ఈ తేదీకే రావడానికి కారణం కరాచీ దాడి. అందువల్ల మీ పెట్టెలో యుద్ధం పైన ఉంటుంది, ఘంటసాల దాని కింద ఉంటాడు. మీ సమదృష్టికి కూడా ఫిరంగి మోత వినబడుతుందన్నమాట.

జాపా దగ్గర మీ ఆనందానికి పట్టపగ్గాలు ఉండవు. ఆయన కచేరీలో క్యాసినో కాలింది డిసెంబరు 4న, ఆయన పోయిందీ డిసెంబరు 4నే! ‘విచిత్ర యాదృచ్ఛికం’ అని నల్ల అక్షరాల్లో వేస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు క్యాలెండరు చూసి వచ్చే అలవాటు లేదండీ. ఆ మంటల్లో ఆయన బృందం సామగ్రి అంతా కాలిపోయింది. ఆరు రోజులకు లండన్ రెయిన్‌బో థియేటర్లో ఒక ప్రేక్షకుడు ఆయనను వేదిక మీద నుంచి కిందికి తోసేస్తే నెలల తరబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. మనిషి జీవితాన్ని నిజంగా మెలితిప్పింది ఆ డిసెంబరు 10. కానీ అందులో మీకు కావలసిన జోడు అంకె లేదు కదా.

లెడ్ జెప్లిన్‌ది మరీ చిన్న కథ. డ్రమ్ములు వాయించే జాన్ బోనం పోయింది 1980 సెప్టెంబరు 25న. బృందం ఆగింది ఆ రోజే. డిసెంబరు 4న వెలువడింది ఒక పొట్టి కాగితం. మీకు కాగితం ఉంటే చాలు.

మెంఫిస్‌లో మాత్రం పాట జరిగింది, ఒప్పుకుంటాను. సన్ స్టూడియోలో కార్ల్ పెర్కిన్స్ తన పాటలు రికార్డు చేసుకుంటున్నాడు. అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని జెర్రీ లీ లూయిస్‌ను యజమాని శామ్ ఫిలిప్స్ పియానో వాయించడానికి పిలిపించాడు. ఆ స్టూడియోను వదిలి ఏడాదికి పైగా అయిన ఎల్విస్ ఊరికే పలకరించడానికి వచ్చాడు. జానీ క్యాష్ కూడా ఉన్నాడు. కబుర్ల మధ్య భక్తిగీతాలు, పల్లె పాటలు సాగుతుంటే టేపు తిరుగుతూనే ఉంది. ఫిలిప్స్ వ్యాపారం తెలిసినవాడు కాబట్టి వెంటనే స్థానిక పత్రికకు ఫోను చేశాడు. వాళ్లు వచ్చి ఫొటో తీసి ‘మిలియన్ డాలర్ క్వార్టెట్’ అని పేరు పెట్టేశారు. ఎల్విస్ పియానో ముందు, మిగతా ముగ్గురు అతని మీదికి వంగి. అసలు ఫొటోలో పక్కన ఒక యువతి కూడా ఉంది. పత్రికలవారికి నలుగురే కావాలి కనుక ఆమెను చాలాసార్లు అంచు దగ్గర కత్తిరించేశారు. మరో తమాషా, ఆ నలుగురిలో నాలుగో గొంతు టేపులో గుర్తుపట్టడం కష్టం. తాను మైకుకు అందరికన్నా దూరంగా ఉన్నానని, మామూలుకన్నా హెచ్చు శ్రుతిలో పాడానని క్యాష్ చెప్పుకున్నాడు. ఇంతా చేసి ఆ పాటలు జనం చేతికి రికార్డుగా అందింది 1981లో. ఎల్విస్ అప్పటికి పోయి నాలుగేళ్లు. పాతికేళ్లు ఎవరూ వినని పాటకు మీరు ఏటా పుట్టినరోజు చేస్తున్నారు.

మీ మీద గెలిచినవాడు జే-జీ ఒక్కడే. 2003లో తన ఆల్బమ్‌లో ఒక పాటకు ఏకంగా ‘డిసెంబర్ ఫోర్త్’ అని పేరు పెట్టి, తాను పుట్టిన కథను కన్నతల్లి నోటనే చెప్పించాడు, పుట్టినప్పటి బరువుతో సహా. ఇక మీరు వేసే వాక్యంలో మిగిలింది ఏముంది?

ఇప్పుడు మన ఘంటసాల మాస్టారు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో ఆ రోజు ఆయన పాడింది ఏడుపే, అందరు పసివాళ్లూ పాడేదే. తండ్రి తరంగాలు పాడుతుంటే అడుగులు వేసి ‘బాల భరతుడు’ అనిపించుకున్న రోజులకు మీ దగ్గర తేదీ లేదు. తండ్రి పోయాక, సంగీతం నేర్చి తీరాలని వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరిన రోజుకూ లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం, కడుపు కోసం భుజాన జోలె, ఇంటింటా మధుకరం. ఏ వీధిలో ఏ ఇల్లాలు ఆ జోలెలో ముద్ద వేసిందో, ఆ పూట ఏ కూర కలిసిందో, ఎవరు గుమ్మం నుంచే పొమ్మన్నారో ఎక్కడా నమోదు కాలేదు. ఆ ముద్దలు తిని సాధన చేసిన గొంతే తర్వాత రామారావుకూ సరిపోయింది, నాగేశ్వరరావుకూ సరిపోయింది. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లినవాడు కూడా ఈయనేనని మీ వాక్యంలో పట్టదు. ‘ప్రముఖ గాయకుడు, సంగీత దర్శకుడు (జ. 1922)’ అనగానే చోటు నిండిపోతుంది, కింద బంగారం తులం ధర వచ్చేస్తుంది.

మీ వాక్యం చదివి ఊళ్లో పెద్దమనుషులు విగ్రహం దగ్గరికి బయలుదేరతారు. దండ వేసే చేయి సగంలో ఆగుతుంది, కెమెరా సిద్ధమయ్యే దాకా. వక్తలు తలా అరగంట ‘అమరగాయకుడు’ అంటారు. ముఖ్య అతిథికి వేరే ఊళ్లో పని ఉంటుంది కనుక, రెండు నెలలు సాధన చేసి వచ్చిన కుర్రాడిని పల్లవి, ఒక్క చరణంతో సరిపెట్టమంటారు. ఫిబ్రవరి 11న, 1974లో ఆయన పోయిన రోజు కాబట్టి, మళ్లీ పిలుస్తారు. మధ్యలో మాస్టారికి సెలవు.

నిజానికి సెలవు లేదు. చివరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత ఆయన పోయాకే విడుదలైంది. ఇప్పుడు వీధి చివర ఆ గొంతు మైకులో లేస్తే మనవాళ్లు శ్లోకం వినరు, ‘ఎవరు పోయారు?’ అని అడుగుతారు. అంటే ఏడాది పొడవునా మీ ‘మరణాలు’ భాగానికి నేపథ్య సంగీతం ఆయనదే. కృతజ్ఞతగానైనా ఇంకో వాక్యం పెంచవచ్చు.

నా విన్నపం పెద్దదేమీ కాదు. ఏదో ఒక రోజు ఇలా వేసి చూడండి: ‘ఈ రోజు చెప్పుకోదగినది ఏమీ జరగలేదు. మాంట్రోలో కొందరు పరుపులు మోశారు. విజయనగరంలో ఒక కుర్రాడు సరళీ స్వరాలు సాధన చేశాడు.’ సంపాదకులు కోప్పడతారని భయం వద్దు. పక్కనే బంగారం ధర ఉండగా మిమ్మల్ని వారు చదువుతారని నేను అనుకోను.

రేపు ఐదో తేదీ. మరణాల కింద మొజార్ట్, 1791. జననాల కింద లిటిల్ రిచర్డ్, 1932. ఇద్దరూ పియానో వాయించినవారే కనుక ఈ ఒక్కసారికి మీ ప్రమేయం లేకుండానే జోడీ కుదిరింది. ఫొటోలు మాత్రం తారుమారు చేయకండి.

ఇట్లు,
మీ పెట్టెను రాశిఫలాలకన్నా ముందు చదివే ఒక పాఠకుడు