తుపాను తర్వాతి మూడు రోజులు

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పది వేల మందికి పైగా జలసమాధి అయ్యారు. ఇవాళ అల్పపీడనం ఏర్పడింది మొదలు తీరం దాటే దాకా కబురు అందుతూనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖనే తాకినా మృతుల సంఖ్య పదుల్లో ఆగిందంటే ముందస్తు తరలింపుల పుణ్యమే. కానీ ఆ మర్నాటి నుంచి కరెంటు లేక, ఫోన్లు మూగబోయి, పాలకూ మంచినీళ్లకూ నగరం అల్లాడింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో మేడల మీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో ఆహార పొట్లాలు పంపాల్సి వచ్చింది. సహాయం గడప దాకా వచ్చేలోపు గడిచే ఆ రెండు మూడు రోజులకు ఇల్లూ వీధీ ముందే సిద్ధపడి ఉండాలి. మన లోటంతా అక్కడే ఉంది.

అన్నిటికంటే ముందు నీళ్లు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకుంటే, నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు మూడు నింపి పెట్టుకుంటే గడిచిపోతుంది. డాబా మీది ట్యాంకునూ నిండా నింపాలి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును ఈదురుగాలి పైపులతో సహా పెకలించి పక్కింటి మీద పడేస్తుంది. అందులో 500 లీటర్లుంటే అర టన్ను బరువు, అంత తేలిగ్గా కదలదు. నీరు తీయగానే చాలామంది చేసే పొరపాటు మోటారు వేయడం. సంపులోకి దిగిన మురుగు పైకెక్కి, ట్యాంకులో మిగిలిన మంచినీళ్లనూ పాడుచేస్తుంది. ముందు సంపును పూర్తిగా తోడి, కడిగి, కొత్త నీరు పట్టాకే బ్లీచింగ్ వేయాలి.

ఆ బ్లీచింగ్‌కూ లెక్కుంది. వెయ్యి లీటర్ల తేట నీటికి రెండున్నర గ్రాములు. పొడిని నేరుగా చల్లకుండా బకెట్‌లో కలిపి, కాసేపు తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయాలి. అడుగున దిగేది సున్నం. గంట ఆగాకే వాడుకోవాలి. బురద నీటిలో ఈ మోతాదు చాలదు, క్లోరిన్ అంతా ఆ మురికికే ఖర్చయిపోతుంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన పొడిలోనూ సారం ఉండదు. డబ్బా తెరిస్తే ముక్కుకు ఘాటు తగలకపోతే దాన్ని నమ్మవద్దు. అనుమానంగా ఉంటే తాగే నీటిని గుడ్డతో వడకట్టి, సలసల మరిగాక మరో నిమిషం పొయ్యి మీదే ఉంచాలి.

నీళ్లు గుమ్మం తాకకముందే మెయిన్ కట్టేయాలని అందరికీ తెలుసు. ఇన్వర్టర్ సంగతే మరిచిపోతారు. మెయిన్ కట్టేసినా అది ఇంట్లోకి కరెంటు పంపుతూనే ఉంటుంది, దాన్నీ ఆపాలి. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా నీటిలో తేలుతుంది. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, కిటికీ ఊచకు తాడుతో కట్టాలి. కొట్టంలో పశువుల పలుపులు విప్పేయాలి. కట్టి ఉన్న గొడ్డు మునిగిపోతుంది, విప్పితే మెరక వెతుక్కుంటుంది.

గాలి ఒక్కసారిగా ఆగిపోయిందా? బయటికి రావద్దు. అది తుపాను కన్ను కావచ్చు. కొద్దిసేపట్లోనే ఎదురు దిక్కు నుంచి అంతే ఉధృతంగా గాలి కొడుతుంది. అప్పటికే వేళ్లు కదిలిన చెట్లు, సడలిన రేకులు అప్పుడు మీద పడతాయి.

రోజూ వాడే మందులు రెండు వారాలకు సరిపడా ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్‌ను తడవకుండా కవర్‌లో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచవచ్చు. ఐసుగడ్డకు మాత్రం ఆనించకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. విరేచనాలు పట్టుకుని ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డలకు ప్రమాదం.

ఇక వీధి సంగతి. మంచం పట్టినవారు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవారు ఏయే ఇళ్లలో ఉన్నారు, వారిని ఎవరు మోస్తారు, ఏ బండి వస్తుంది అన్నది కాగితం మీద ఉండాలి. ఫోన్లు పనిచేయని రోజున ఫోన్‌లోని జాబితా దేనికీ కొరగాదు. తుపాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో, మరుగుదొడ్లకు నీళ్లు వస్తున్నాయో లేదో చూడాల్సింది అక్టోబరు మొదటి వారంలో. జనం చంటిపిల్లలతో వచ్చి గేటు ముందు నిలబడిన రాత్రి కాదు.

ప్రభుత్వ యంత్రాంగం మీదా పెద్ద బాధ్యతే ఉంది. రెడ్ అలర్ట్ జిల్లా మొత్తానికి వస్తుంది. కింది వాటాలో కాపురముండే మనిషికి కావాల్సింది మాత్రం తన వీధిలోకి ఎంత నీరు ఎప్పుడొస్తుందన్న కబురు. బుడమేరు వరదను మళ్లించే డైవర్షన్ ఛానల్‌కు మూడు చోట్ల గండ్లు పడితే నీరు ఎక్కడిదాకా వస్తుందో అప్పుడు కళ్లారా చూశాం. ఆ మట్టాన్ని ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద ఎర్ర గీతగా వేయాలి. ఏ వాగులో నీరు ఏ మట్టానికి చేరితే ఏ వీధులు ఖాళీ చేయాలో వార్డు సచివాలయం గోడ మీద రాసిపెట్టాలి. ఆ మట్టం దాటిన నిమిషంలో మైకు మోగించే మనిషెవరో కూడా ఆ గోడ మీదే ఉండాలి.