టెక్నికాలిటీ అని తీసిపారేయకండి

ముద్దాయి దోషో కాదో తేల్చే మామూలు పౌరుల బృందం జూరీ. దానికి చట్టం ఏమంటుందో జడ్జి తప్పుగా చెప్పాడని అప్పీలులో శిక్ష రద్దయితే చాలు, "ఏదో టెక్నికాలిటీ మీద బయటపడ్డాడు" అనేస్తారు. నన్నడిగితే అప్పీలుకు అంతకన్నా గట్టి కారణం దొరకదు. జూరీ కారణాలు రాయదు. సభ్యులు లోపలికెళ్లి, వచ్చి ఒక్క మాట చెబుతారు. లోపల ఏమనుకున్నారో బయటికి రాదు. వాళ్ల ఆలోచన ఏ దారి పట్టి ఉంటుందో తెలియాలంటే, అంతకుముందు జడ్జి వాళ్లకు ఏం చెప్పి పంపాడో చూడాల్సిందే.

1934 డిసెంబరులో ఇంగ్లండులో రెజినాల్డ్ వుల్మింగ్టన్ అనే 21 ఏళ్ల పాలేరు, పుట్టింటికి వెళ్లిపోయిన భార్య దగ్గరికి బయల్దేరాడు. యజమాని తుపాకీ గొట్టాలు కోసేసి, దాన్ని వైరుతో భుజానికి తగిలించుకుని, పైన కోటు వేసుకున్నాడు. తిరిగి రాకపోతే కాల్చుకుంటానని చెబుతూ చూపిస్తుంటే పేలి ఆమె చనిపోయిందన్నాడు. ఆ కథ నమ్మడం కష్టమే. అయినా మొదటి జూరీ ఎటూ తేల్చలేకపోయింది. బ్రిస్టల్‌లో రెండో జూరీకి జడ్జి స్విఫ్ట్ చెప్పింది ఇదీ: చంపాడని తేలితే అది హత్యే అనుకోవాలి, ప్రమాదమని నమ్మించుకోవడం ముద్దాయి పని. ఉరిశిక్ష పడింది. మొదటి అప్పీలూ పోయింది.

సరిగ్గా చెప్పినా జూరీ దోషి అనే చెప్పేదేమో కదా అంటారు. చెప్పేదేమో! కానీ కచ్చితంగా చెప్పేదని అనలేం అన్నారు 1935లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జీలు. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే, అది ఇంగ్లిష్ నేరచట్టంలో బంగారు పోగు అన్నాడు లార్డ్ సాంకీ. కుర్రాడు ఇంటికెళ్లాడు.

మరి మన దగ్గర? భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులోనూ పెనుగులాటలో తుపాకీ పేలిందన్నదే వాదన. జూరీ 8-1తో వదిలేసింది. హైకోర్టు, 1961లో సుప్రీంకోర్టు పట్టుకున్న తప్పుల్లో ఒకటేమిటో తెలుసా? ప్రమాదమని చూపాల్సిన భారం ముద్దాయిదేనని జడ్జి జూరీకి చెప్పకపోవడం! అక్కడ చెబితే తప్పయిన మాట, ఇక్కడ చెప్పకపోతే తప్పయింది. సాక్ష్య చట్టం 105వ సెక్షన్ అలా ఉంది మరి. కొత్త చట్టంలో నంబరు 108 అయింది, అంతే.

జూరీలు పోయాయి, భారం తిరగేసే అలవాటు మాత్రం పెరిగింది. విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే బస్సులో ఒక కుర్రాడి సంచిలో గంజాయి దొరికిందనుకోండి. అందులో ఏముందో తెలియదని అతనే రుజువు చేసుకోవాలి, అదీ సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా అంటుంది మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 35వ సెక్షన్. 2008లో సుప్రీంకోర్టు కాస్త మెత్తబరిచింది, సరుకు అతని దగ్గరే ఉందని ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేయాలంది. సెక్షన్‌ను మాత్రం కొట్టేయలేదు.