సెర్చ్‌లో మొదటి స్థానంలో కూర్చున్న వ్యాసం గారికి, కడప నుంచి

మహారాజశ్రీ వ్యాసం గారికి,

నమస్కారాలు. ‘కడప నుంచి గండికోట బస్ టైమింగ్స్’ అని కొట్టగానే ముందుగా దర్శనమిచ్చేది తమరే కాబట్టి ఈ ఉత్తరం తమరికే రాస్తున్నాను. తమరి పుణ్యాన మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా మా చిన్నమ్మ గండికోటలో గోడ నీడన కూర్చుని గడిపింది. లోయ చూసింది, మాధవరాయస్వామి గుడి చూసింది, జామా మసీదు చూసింది, ధాన్యాగారం చూసింది. ఆ తర్వాత ఇక చూడటానికి నేనొక్కడినే మిగిలాను. ‘గండికోట నుంచి ప్రతి అరగంటకూ బస్సు సౌకర్యం కలదు’ అని తమరు సెలవిచ్చిన వాక్యాన్ని ఇంట్లో గట్టిగా చదివి వినిపించింది నేనే కదా.

“ఏం నాయనా, అరగంట ఇంకా కాలేదా?” అని ఆమె అడుగుతూనే ఉంది.

సోడా బండి అబ్బాయి మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. “ఇప్పుడు బస్సు యాడిదన్నా? ఇక్కడికొచ్చే బస్సులే తక్కువ. దిగేటప్పుడే కండక్టర్‌ని అడగాల, మళ్లీ ఎప్పుడొస్తారని. జమ్మలమడుగు నుంచి ఆటో పిలిపించుకోండి” అన్నాడు. సీసా మూత తీసేలోపు చెప్పేశాడు. ఆ అబ్బాయికి వెబ్‌సైటు లేదు.

ఆటో వచ్చేదాకా పనేముంది? తమరిని మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. బహుశా అలా చదివిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను, తమరిని రాసినవాళ్లతో కలిపి. ‘నేటి బిజీ జీవితంలో ప్రయాణాలు మనసుకు ఎంతో ఉల్లాసాన్ని ఇస్తాయి’ అన్నారు, బాగుంది. గండికోట కడప జిల్లాలో ఉందన్నారు, కడపలో ఉన్నవాడికి. పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుని పారుతుందన్నారు, నిజమే, ఎదురుగా కనబడుతూనే ఉంది. ఆ తర్వాత ‘గండికోటకు ఎందుకు వెళ్లాలి?’, దాని కింద ‘బస్సు ప్రయాణం వల్ల లాభాలు’, దాని కింద ‘ప్రయాణానికి ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు’. ఇంత దూరం వచ్చాక తమరు అసలు విషయంలోకి దిగారు: ‘కడప నుంచి గండికోట బస్ టైమింగ్స్ తెలుసుకోవాలనుకునే వారికి కడప నుంచి గండికోట బస్ టైమింగ్స్ గురించిన ఈ కథనం కడప నుంచి గండికోట బస్ టైమింగ్స్‌పై పూర్తి అవగాహన కల్పిస్తుంది.’ పేరు మూడుసార్లు వచ్చింది. టైమ్ మాత్రం ఒక్కసారీ రాలేదు. సంగటి పెట్టు తల్లీ అంటే రాగి పంట చరిత్ర చెప్పినట్టుంది వ్యవహారం.

ఫొటో గురించి కూడా ఒక మాట. తమరు పైన పెట్టుకున్నది అమెరికాలో అరిజోనా లోయ, అదే గ్రాండ్ కాన్యన్. మాది దానికి చిన్న తమ్ముడని టూరిజం వాళ్లు అంటుంటారు గానీ, అన్న ఫొటో పెట్టి తమ్ముడికి సంబంధం చూస్తే ఎట్లా? పైగా ఆ ఫొటో వెనక ఆల్ట్ టెక్స్ట్‌లో రాసిందీ బస్ టైమింగ్సే. అది చూపు లేనివాళ్ల కోసం పెట్టే వివరణ. వాళ్ల ఫోన్ ఫొటో దగ్గరికి వచ్చి ఆ మాటలే చదివి వినిపిస్తుంది. వాళ్లను కూడా వదల్లేదన్నమాట తమరు.

ఇదంతా సెర్చ్‌లో పైన కనబడే ర్యాంక్ కోసం తప్పదంటారు. ఎవరు చెప్పారండీ తప్పదని? పేజీ వెనక చదివేవాళ్లకు కనబడని మెటా ట్యాగులో కీవర్డులు, అంటే జనం వెతికే మాటలు, కుక్కితే ర్యాంకింగ్‌కు తాము లెక్కలోకే తీసుకోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. సరుకు లేని పేజీలను కిందికి తొయ్యడానికి 2011లో పాండా అనే గూగుల్ అప్‌డేట్ వచ్చింది. కీవర్డులు కుక్కేవాళ్ల కోసం, దొంగ లింకులు కట్టేవాళ్ల కోసం 2012లో పెంగ్విన్ అనే ఇంకో అప్‌డేట్ వచ్చింది. మనుషుల కోసం రాయండి, మెషీన్ కోసం కాదు అంటూ 2022 ఆగస్టులో ఇంకో అప్‌డేట్ తెచ్చారు. అదే ఏడాది డిసెంబరులో, రాసినవాడికి ఆ విషయంలో సొంత అనుభవం ఉందా అన్నది కూడా మంచి పేజీకి ఉండాల్సిన గుణాల్లో చేర్చారు. ఇన్ని గాలివానలు దాటి తమరు మొదటి స్థానంలో ఎలా నిలబడ్డారో ఆ వెంకన్నకే తెలియాలి. తమరిని రాసినవాళ్లు గండికోట బస్సే కాదు, ముద్దనూరు రోడ్డు కూడా చూడలేదని మొదటి పేరాలోనే తెలిసిపోతోంది.

రాసేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన సూచనల్లో కొన్ని ప్రశ్నలున్నాయి, ఎప్పుడైనా చూశారా? ఇన్ని పదాలుంటేనే ర్యాంక్ వస్తుందని ఎవరో చెప్తే విని సాగదీస్తున్నారా అని అడిగి, అలాంటి లెక్క తమకేదీ లేదని వాళ్లే జవాబు కూడా చెప్పారు. లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రం మారుస్తున్నారా అని ఇంకోటి. తమరి నెత్తిన ‘నిన్ననే అప్‌డేట్ చేయబడింది’ అని ఉంది. లోపలేమో కరోనా జాగ్రత్తలు, మాస్కు మర్చిపోవద్దని. చదివాక మనిషి ఇంకోచోట మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుందా అన్నది మరో ప్రశ్న. వచ్చింది సార్. సోడా బండి దగ్గర వెతుక్కున్నాను.

తమరిని టైప్ చేసిన పిల్లాడి మీద నాకు కోపం లేదు. ఏ అమీర్‌పేట రూములోనో ఉండి, పదానికి ఇన్ని పైసలన్న లెక్కన పొద్దున గండికోట, మధ్యాహ్నం పిత్తాశయంలో రాళ్లు, రాత్రికి హోమ్ లోన్ వడ్డీ రాస్తుంటాడు. వాడు మా సీమ పిల్లాడే అయినా ఆశ్చర్యం లేదు. వాడిని సాగదియ్యమన్నది ఎవరో తెలుసు. వ్యాసం ఎంత పొడుగైతే మధ్యలో అన్ని ప్రకటనలు పడతాయి. జవాబు మొదటి లైన్లోనే ఉంటే కిందికి జరిపేదెవరు?

అది నీ వ్యాపారం, చేసుకో. తెలియనిది రాయకుండా వదిలేసినా సరిపోయేది. బస్సులు ఎప్పుడో తెలియదు, డిపోలో అడగండి అని ఒక్క లైను రాసుంటే నీకు దండం పెట్టేవాణ్ని. నువ్వు అలా రాయలేదు. ‘ప్రతి అరగంటకూ’ అని పుట్టించావు! ఎక్కణ్నుంచి తెచ్చావయ్యా ఆ అరగంట? మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎండలో రోడ్డు మలుపు వైపే చూస్తూ కూర్చుంటే, నువ్వేమో అక్కడ మొదటి స్థానంలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటావా? చిన్నపిల్లలతో పోయినవాళ్లయితే? చీకటి పడితే?

ఉపయోగపడేది రాయడం నీకు చేతకాకపోతే నేనే రాసిస్తాను, ఊరికే తీసుకో: ‘కడప నుంచి ముందు జమ్మలమడుగు చేరండి. అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్ల దూరం. బస్సులు తక్కువ, తిరుగు బస్సు ఎప్పుడో బస్టాండులో విచారణ దగ్గర కనుక్కున్నాకే బయల్దేరండి. లేదంటే రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. నీళ్లు పట్టుకెళ్లండి. లోయ అంచున పిల్లల చెయ్యి వదలొద్దు.’ అయిపోయింది. ఇందులో నీ కీవర్డు ఒక్కసారీ లేదు, చూసుకో.

ఆటో డబ్బులు నేనేం అడగను. ఆ అరగంట మాత్రం తీసెయ్.

ఇట్లు,
నీ విలువైన పాఠకుడు

తా.క.: అడుగున ‘ఈ సమాచారం మీకు ఉపయోగపడిందా?’ అని అడిగావు కదా. ‘లేదు’ నొక్కాను. ‘ధన్యవాదాలు! ఇలాంటి మరిన్ని కథనాల కోసం నోటిఫికేషన్లు ఆన్ చేసుకోండి’ అని వచ్చింది.